హొరొవిట్జ్ మాస్కో కచేరి (1986): బొమ్మ చూడకుండా, మొదటి నుంచి చివరిదాకా విన్నవాళ్ళు ఉన్నారా?

కృష్ణాతీరం (విజయవాడ) | ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్తే అండి. నేను ఇక్కడ చదివి వెళ్ళిపోయే రకం, రాయడం తక్కువ. కానీ ఈ విషయం ఎవరితోనన్నా మాట్లాడకపోతే ఆగలేను అనిపించి టాపిక్ ఓపెన్ చేసా. వ్లదిమీర్ హొరొవిట్జ్ 1986 ఏప్రిల్ 20న మాస్కో కన్సర్వేటరీ గ్రేట్ హాల్లో వాయించిన పియానో కచేరి, డాయిష్ గ్రామఫోన్ వాళ్ళు రికార్డ్ చేసి వదిలారు కదా, అది. నేను పియానో నేర్చుకోలేదు, స్టాఫ్ నొటేషన్ చదవడం రాదు. నాలుగేళ్ళ క్రితం ఆఫీసులో ఒకాయన వీడియో పంపిస్తే చూసి, షూమన్ రాసిన "ట్రాయ్‌మెరాయ్" అనే చిన్న పీస్ దగ్గర హాల్లో ఒక పెద్దమనిషి చెంప మీద కన్నీటి చుక్క అలా జారుతూ ఉంటుంది, ఆ షాట్ దగ్గర నేనూ ఏడ్చేసా. అప్పట్నుంచి ఎవరికి చూపించినా అందరూ అదే చోట ఏడుస్తున్నారు.

దాంతో ఒక అనుమానం పట్టుకుంది. మనం ఏడుస్తోంది ఆయన వాయించినదానికా, లేకపోతే 1925లో ఇరవై రెండేళ్ళ వయసులో సోవియట్ దేశం వదిలిన మనిషి 61 ఏళ్ళ తర్వాత 82 ఏళ్ళ ముసలాయనై తిరిగొచ్చాడు అన్న కథకా? ఆ కథ తెలిసాక ఆయన సరిగమలు వాయించినా ఏడుస్తామేమో కదా. అందుకని ఈ నెలంతా వీడియో జోలికి పోకుండా, లైట్లు ఆపేసి, ప్రతి ఆదివారం రాత్రి ఆడియో మాత్రమే, ఏ పీసూ స్కిప్ చెయ్యకుండా విన్నా. నాకు తోచింది తర్వాత చెప్తా. ముందు మీరు చెప్పండి, మీకు ఏది ఎక్కడ తగిలింది?

హార్మోనియం_మనవడు (తెనాలి) | ఆదివారం రాత్రి 11:20

అక్కా మంచి టాపిక్. నేను ఇది ఇయర్‌ఫోన్స్‌లోనే విన్నా ఎప్పుడూ, ఆ కన్నీటి షాట్ ఉందనే తెలీదు నాకు. నాకు తగిలింది అసలు మొదట్లోనే, స్కార్లట్టి దగ్గర. మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు, నేనూ కొంచెం వాయిస్తా. హార్మోనియంలో వేలుతో గట్టిగా నొక్కినా మెల్లిగా నొక్కినా శబ్దం ఒకటే, పెద్దా చిన్నా అంతా బెల్లోస్ చేతిలో ఉంటుంది. అది కూడా నొక్కిన మెట్లన్నిటికీ కలిపే పెరుగుతుంది, కలిపే తగ్గుతుంది. ఈయన ఒకే చేత్తో నాలుగు కీస్ కలిపి నొక్కుతుంటే అందులో ఒక్కటి మాత్రం ముందుకొచ్చి పాడుతుంది, మిగతా మూడూ వెనక తెర చాటున ఉన్నట్టుంటాయి. నాకది ఇప్పటికీ నమ్మశక్యం కాదు, ఒక్క చేతికి నాలుగు బరువులు ఎలా వస్తాయి?

సికింద్రాబాద్_పియానో (హైదరాబాద్) | సోమవారం ఉదయం 6:15

పిల్లలకి పియానో చెప్తుంటాను, ఇరవై ఏళ్ళ పైనే అయింది. పొద్దున్నే ఇది కనిపించింది, క్లాసుకి టైమవుతున్నా రాయకుండా ఉండలేకపోతున్నా.

హార్మోనియం తమ్ముడూ నీ ప్రశ్న చాలా సరైన ప్రశ్న. దాన్ని మేం వాయిసింగ్ అంటాం. పియానోలో కీ నొక్కితే లోపల హ్యామర్ ఎగిరి తీగని కొట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది, ఆ చివరి క్షణంలో హ్యామర్ వేలికి అంటుకుని ఉండదు, విసిరేసిన రాయిలాగా దాని దారిన అది పోతుంది. అంటే వేలికున్న అధికారమల్లా అది ఎంత వేగంతో ఎగరాలన్నదే. ఆ వేగం ఏ వేలికి ఆ వేలు వేరేగా ఇవ్వగలిగితే నువ్వు చెప్పింది జరుగుతుంది. హొరొవిట్జ్ వేళ్ళు గమనించు, మేం పిల్లలకి వంచి పెట్టండి అని చెప్పేదానికి పూర్తిగా రివర్స్, వేళ్ళు చాపి పడుకోబెట్టి, మణికట్టు కిందకి దించి వాయిస్తాడు, కుడిచేతి చిటికెన వేలు మాత్రం ముడుచుకుని ఉండి అవసరమైనప్పుడు బయటికొచ్చి కొడుతుంది. నా స్టూడెంట్ ఎవరన్నా అలా కూర్చుంటే ఒప్పుకోను. ఆయనకి కుదిరింది అంతే.

ఇక స్కార్లట్టి సంగతి. ఆయన 1685లో నేపుల్స్‌లో పుట్టి స్పెయిన్ రాజాస్థానంలో బతికి 1757లో మాడ్రిడ్‌లో పోయాడు, 555 సొనాటాలు (మాటలు లేకుండా వాద్యం మీదే వాయించేవి) రాసాడు. అవి ముఖ్యంగా హార్ప్‌సికార్డ్ కోసం రాసినవి, అందులో చిన్న ముల్లు లాంటిది తీగని మీటుతుంది, ఎంత గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు అంతే. అంటే మీ తాతగారి హార్మోనియం సమస్యే, బెల్లోస్ కూడా లేకుండా. హొరొవిట్జ్ దాన్ని ఇరవయ్యో శతాబ్దపు స్టైన్‌వే కంపెనీ పియానో మీద వాయిస్తూ అందులో లేని నీడలన్నీ తెచ్చిపెడతాడు. తప్పనే వాళ్ళున్నారు. నేనూ ఒకప్పుడు అన్నాను.

ఒక చిన్న విషయం కృష్ణాతీరం గారికి. సీడీలో స్కార్లట్టి ఒక్కటే ఉంది, ఈ మేజర్, కె. 380 (కె. అంటే రచనల జాబితాలో నంబరు). వీడియోలో అయితే దానికి ముందు బి మైనర్ కె. 87, తర్వాత ఇంకో ఈ మేజర్ కె. 135 కూడా ఉన్నాయి. అంటే మీరు ఆడియో మాత్రమే వింటున్నారంటే కచేరి మొదలే వినట్లేదు. ఆ కె. 87 పోగొట్టుకోకండి, కావాలంటే వీడియో పెట్టి కళ్ళు మూసుకోండి.

కృష్ణాతీరం | సోమవారం ఉదయం 9:40

అయ్యో మేడమ్, అది తెలీదు నాకు! ఇవాళ రాత్రే వింటా. థాంక్యూ.

చరిత్ర_పిచ్చోడు (వరంగల్) | సోమవారం మధ్యాహ్నం 1:05

నాకు సంగీతం తక్కువ తెలుసు, కాలం సంగతి చెప్తా. కథని పక్కన పెట్టి వినాలి అంటున్నారు కదా, అసలు ఆ కథేంటో ఒకసారి చూడండి, పక్కన పెట్టగలరేమో. 1985 నవంబర్‌లో జెనీవాలో రీగన్, గోర్బచెవ్ కలిసారు, అప్పుడు కుదిరిన సాంస్కృతిక ఒప్పందం వల్లే ఈ కచేరి సాధ్యమైంది. కచేరికి అయిదు రోజుల ముందు, ఏప్రిల్ 15న అమెరికా లిబియా మీద బాంబులు వేసింది, మళ్ళీ రెండు దేశాల మధ్య వాతావరణం వేడెక్కింది. అయినా కచేరి ఆగలా. టికెట్లు చాలావరకు అధికారులకీ ఎంబసీల వాళ్ళకీ పోయాయి, మామూలు జనానికి దొరికినవి తక్కువ, సంగీతం చదువుకునే కుర్రాళ్ళు కాపలావాళ్ళని తోసుకుని లోపలికి దూసుకెళ్ళి మెట్ల మీదా నడవల్లోనూ నించుని విన్నారు.

ఇంకోటి. సరిగ్గా ఆరు రోజులకి, ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. హొరొవిట్జ్ పెరిగిన కీవ్‌కి పైన ఎంతో దూరం కాదు అది. ఆయన 27న లెనిన్‌గ్రాడ్‌లో వాయించాడు, సోవియట్ ప్రభుత్వం ప్రమాదం సంగతి బయటపెట్టింది 28న. అంటే ఆ రోజు హాల్లో కూర్చున్న వాళ్ళకి తమ దేశంలో ఏం జరిగిందో తెలీదు. ఇది తెలిసాక ఆ 20వ తారీకు రికార్డింగ్‌లో చప్పట్లు విన్నా నాకు ఏదోలా ఉంటుంది. అది సంగీతం వల్ల కాదు, ఒప్పుకుంటా.

డాలస్_పెదబాబు (టెక్సస్) | సోమవారం రాత్రి 9:30

ఈ వీడియో నేను సగమే చూడగలిగా. మాస్కోలో దిగడం, మేనకోడల్ని ఇన్నేళ్ళకి కలవడం, అవన్నీ వస్తాయి కదా డాక్యుమెంటరీలో, అక్కడ ఆపేసా. పర్సనల్ విషయం, నేను మా ఊరు వెళ్ళి పదకొండేళ్ళు అవుతోంది, వీసా ఇబ్బందులు, మధ్యలో నాన్నగారు పోయినప్పుడు కూడా వెళ్ళలేకపోయా. హొరొవిట్జ్ కూడా చదువుకి జర్మనీ వెళ్తున్నా అని చెప్పి బయల్దేరినవాడే, వాళ్ళ అమ్మని మళ్ళీ చూడలేదు. అందుకే నావరకు కృష్ణాతీరం గారి ప్రశ్నకి జవాబు సింపుల్, కథకే ఏడుస్తా, వాయించేదాకా కూడా అక్కర్లేదు నాకు.

ఆడియో ఒక్కటే అయితే వినొచ్చేమో. ట్రై చేస్తా.

ఇంకో మాట, ఆయన పియానో అక్కడిది కాదు, న్యూయార్క్‌లో తన ఇంట్లో ఉన్న సొంత స్టైన్‌వే, దాని నంబరు సీడీ 503 (పాటల సీడీ కాదు), దాన్ని కిటికీలోంచి క్రేన్‌తో దించి విమానంలో మాస్కో పంపించారు, కూడా స్టైన్‌వే హెడ్ టెక్నీషియన్ ఫ్రాంజ్ మోర్ వెళ్ళాడు. మన విద్వాంసులు సొంత వీణ లేకుండా ఊరు దాటరు, అదీ అలాంటిదే, కాకపోతే బరువు అర టన్ను దగ్గర్లో ఉంటుంది.

వీణాపాణి_కాకినాడ | మంగళవారం ఉదయం 5:50

నేను వీణ చెప్తాను, ఆరేళ్ళ క్రితం రిటైరయ్యాను. మా అమ్మాయి ఈ రికార్డు పెట్టింది మొదటిసారి. నిజం చెప్పాలంటే పియానో అంటే నాకు చిన్నచూపు ఉండేది, గమకం లేని వాద్యం ఏం వాద్యం అనుకునేదాన్ని. వీణలో ఒకసారి మీటాక నాదం సాగుతున్నంతసేపూ ఎడమచెయ్యి తంతిని లాగుతూ దాన్ని ఎక్కడికైనా తీసుకెళ్తుంది, ఒక్క మీటులో రెండు మూడు స్వరాలు పలికించొచ్చు. పియానోలో స్వరం మోగిన క్షణం నుంచి చచ్చిపోవడమే, దాన్ని పట్టుకునే దారి లేదు. అలాంటప్పుడు ఈయన పియానో పాడుతున్నట్టు ఎలా ఉంది?

నాకు అర్థమైంది చెప్తాను, టీచరమ్మ గారు సరిచేయాలి. స్క్రియాబిన్ సీ షార్ప్ మైనర్ ఎట్యూడ్ (సాధన కోసం రాసే పీస్) ఉంది కదా, ఓపస్ 2 (ఓపస్ అంటే రచనల వరస నంబరు) లో మొదటిది, ఆ కుర్రాడు పదిహేనేళ్ళప్పుడు రాసిందట. అందులో పై స్వరం చచ్చిపోతూ ఉంటుంది, అది పూర్తిగా పోకముందే తర్వాత స్వరాన్ని, ఆ చచ్చిపోతున్న శబ్దం ఎంతలో ఉందో అంతలోనే మొదలుపెడతాడు. ఇంకొంచెం గట్టిగా వేస్తే విడిగా వినపడుతుంది, ఇంకొంచెం మెల్లిగా వేస్తే మరుగున పడుతుంది. రెండింటి మధ్య లేని జారుని చెవి తనే కల్పించుకుంటుంది. అంటే గమకం వాద్యంలో లేదు, వినేవాళ్ళ లోపల పుట్టిస్తున్నాడు. ఇది తెలిసిన రోజు నుంచి నా శిష్యురాళ్ళకి మీటు మోగాక దాని తోక వినండర్రా అని చెప్తున్నాను. నలభై ఏళ్ళు పాఠం చెప్పాక ఒక పియానో ఆయన దగ్గర నేర్చుకున్న మాట.

సికింద్రాబాద్_పియానో | మంగళవారం ఉదయం 7:10

అమ్మా నమస్కారం. సరిచేయడానికి ఏమీ లేదు, ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఒక్కటే కలుపుతా, పెడల్. కుడి పెడల్ తొక్కితే డ్యాంపర్లన్నీ (తీగల మోత ఆపే దిమ్మలు) లేచి అన్ని తీగలూ కలిసి మోగుతాయి. ఆయన దాన్ని పూర్తిగా తొక్కి వదిలెయ్యడు, సగం, పావు, మధ్యలో వణికించినట్టు చిన్నచిన్నగా మారుస్తూ ఉంటాడు. తోక ఎంత ఉండాలో కాలితో కొలుస్తున్నాడన్నమాట.

ఇక నా పేచీ కూడా చెప్పేస్తా. మోజార్ట్ సొనాటా కె. 330, సీ మేజర్, 1783 ప్రాంతంలోది. మోజార్ట్ కాలపు పియానోకి అయిదు సప్తకాలే, హ్యామర్లకి పల్చటి తోలు, ఎంత కొట్టినా గర్జించేది కాదు. హొరొవిట్జ్ ఇందులో మెలొడీని పిండుతాడు, మొదటి మూవ్‌మెంట్‌లో, అంటే మొదటి భాగంలో, అక్కడక్కడా వేగం సాగదీస్తాడు, ఎడమచెయ్యి ఉన్నట్టుండి ఎగసిపడుతుంది. పరీక్షకి ఇలా వాయిస్తే మార్కులు పోతాయి. కచేరి మొత్తంలో నోట్స్ తప్పినవి కూడా ఉన్నాయి, స్క్రియాబిన్ ఓపస్ 8 లో పన్నెండో ఎట్యూడ్, డీ షార్ప్ మైనర్, ఎడమచేతి దూకుళ్ళలో వినండి. ఇవన్నీ దాచిపెట్టి దేవుడు దేవుడు అంటే ఆయనకీ న్యాయం కాదు.

కానీ అదే సొనాటా రెండో మూవ్‌మెంట్లో ఎఫ్ మేజర్ నుంచి ఎఫ్ మైనర్‌కి మారే చోటు ఉంది, మబ్బు పట్టినట్టు. అక్కడ ఆయన ఏమీ చెయ్యడు. శబ్దం కొంచెం సన్నబడుతుంది, అంతే. నేను నా చిన్నప్పుడు నేర్చుకున్న పీస్ అది, వందలసార్లు చెప్పిన పాఠం, అయినా అక్కడికి వచ్చేసరికి చెయ్యి పని ఆపి వింటా.

రీప్లే_బటన్ (బెంగళూరు) | మంగళవారం రాత్రి 12:35

సౌండ్ ఎడిటింగ్ నా పని. కృష్ణాతీరం గారి ప్రశ్నకి ఒక ఎక్స్‌పెరిమెంట్ ఉంది. 1985 ఏప్రిల్‌లో, అంటే ఈ కచేరికి ఏడాది ముందు, హొరొవిట్జ్‌ని న్యూయార్క్‌లో తన ఇంట్లోనే ఫిల్మ్ తీసి రికార్డ్ చేసారు. అందులో ఇదే మోజార్ట్ కె. 330 ఉంది, ఇదే రహ్మానినోవ్ జీ షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ అనే చిన్న పీస్ ఉంది, ఇదే స్క్రియాబిన్ ఓపస్ 2 నంబర్ 1 కూడా ఉంది. అదే మనిషి, దాదాపు అదే వయసు, ఒకచోట ఇల్లు, ఇంకోచోట మాస్కో. తిరిగొచ్చిన కథ ఒకదాంట్లో ఉంది, ఒకదాంట్లో లేదు. ఏది ఏదో చెప్పకుండా ఎవరికన్నా వినిపించండి.

నేను రాత్రి ఇద్దరు రూమ్మేట్స్‌కి వినిపించా, పేరు కూడా చెప్పలా. మోజార్ట్‌లో ఇద్దరూ ఇంటి రికార్డింగే బాగుంది అన్నారు. ప్రెల్యూడ్‌లో చెరొకటి. స్క్రియాబిన్‌లో మాత్రం ఇద్దరూ మాస్కోనే. ఇద్దరి మాటకి ఏం విలువ అంటారేమో, నిజమే, అందుకే మీరూ చెయ్యండి. జాగ్రత్త ఒకటే, హాల్ రికార్డింగ్‌లో దగ్గులూ కదలికలూ వస్తాయి కాబట్టి కాస్త తెలివైనవాళ్ళకి ఏది కచేరో తెలిసిపోతుంది, పీస్ మధ్యలోంచి ఒక నిమిషం కట్ చేసి, రెండిటి వాల్యూమ్ సమానం చేసి వినిపించండి. వాల్యూమ్ ఎక్కువున్నదే బాగుందనిపిస్తుంది మనిషి చెవికి.

హార్మోనియం_మనవడు | బుధవారం రాత్రి 8:45

చేసా బ్రో. మా అమ్మకి వినిపించా. అమ్మకి ఇవేవీ తెలీవు, తాతయ్య నాటకాలు వింటూ పెరిగింది అంతే. స్క్రియాబిన్ రెండూ విని, రెండోది బాగుంది అంది, అది మాస్కోది. ఎందుకమ్మా అంటే, మొదటిదాంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడురా, రెండోదాంట్లో ఎవరో వింటున్నారు అంది. నేను కట్ చేసిన ముక్కలో ఒక్క దగ్గు లేదు, కుర్చీ చప్పుడు లేదు. మళ్ళీ మళ్ళీ విన్నా, నాకైతే ఏమీ దొరకలా. హాలు పెద్దది కాబట్టి శబ్దం విశాలంగా ఉండటం వల్లనా అంటే అయ్యుండొచ్చు.

వీణాపాణి_కాకినాడ | గురువారం ఉదయం 5:35

నాయనా, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. వినేవాళ్ళ మౌనంలో తేడా ఉంటుంది, వేదిక మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలుసు అది. కచేరిలో వెనక వరసలో కబుర్లు చెప్పుకుంటున్నా తెలుస్తుంది, ఊపిరి బిగబట్టినా తెలుస్తుంది. అది చేతిలోకి వస్తుంది. స్క్రియాబిన్ మాస్కో మనిషే కదా, ఆ ఊళ్ళో ఆ ఎట్యూడ్ అంటే మన దగ్గర త్యాగరాజస్వామి ఆరాధనలో పంచరత్నాలు ఎత్తుకున్నట్టు, తెలియని తల ఉండదు. వాళ్ళకి ప్రతి మలుపూ ముందే తెలుసు, ఆయన ఆ మలుపు ఎలా తీసుకుంటాడా అని చూస్తున్నారు. పైగా హొరొవిట్జ్ చిన్నపిల్లాడిగా ఉండగా స్క్రియాబిన్ ముందు కూర్చుని వాయించాడని చదివాను. ఆ ప్రయాణంలోనే స్క్రియాబిన్ ఇంటికి వెళ్ళాడు కూడా, ఇప్పుడది మ్యూజియం.

డాలస్_పెదబాబు | గురువారం రాత్రి 10:15

విన్నానండి ఆడియో, మొత్తం. కార్లో వింటే కుదరదని ఇంట్లో నేలమీద కూర్చుని విన్నా.

నాకు ట్రాయ్‌మెరాయ్ కన్నా షొపాన్ మజూర్కాలు ఎక్కువ పట్టుకున్నాయి, నేను అసలు ఊహించలేదు. రెండున్నాయి, సీ షార్ప్ మైనర్ ఓపస్ 30 నంబర్ 4, ఎఫ్ మైనర్ ఓపస్ 7 నంబర్ 3. మజూర్కా అంటే పోలండ్ పల్లెల్లో వేసే నాట్యం, మూడు దెబ్బల లెక్క, కానీ బరువు మొదటి దెబ్బ మీద కాకుండా రెండో దాని మీదో మూడో దాని మీదో పడుతుంది. షొపాన్ ఇరవై ఏళ్ళకి వార్సా వదిలి వెళ్ళాడు 1830లో, మళ్ళీ వెళ్ళలేదు, 1849లో పారిస్‌లో పోతే గుండె మాత్రం వార్సా తీసుకెళ్ళారు. రహ్మానినోవ్ కూడా 1917లో రష్యా వదిలాడు, 1943లో కాలిఫోర్నియాలో పోయాడు, తిరిగి వెళ్ళలేదు. హొరొవిట్జ్‌కి ఆయన గొప్ప స్నేహితుడు. స్కార్లట్టిదీ వేరే దేశంలో చావే అని పైన మేడమ్ రాసారు. అంటే ఇంటికి తిరిగి వెళ్ళలేని వాళ్ళ సంగీతం అంతా మూటగట్టుకుని, తిరిగి వెళ్ళగలిగిన ఒకడు తీసుకెళ్ళినట్టు అనిపించింది నాకు. ఇది రాస్తుంటే కూడా చేతులు ఆడట్లేదు.

సికింద్రాబాద్_పియానో | శుక్రవారం ఉదయం 6:20

పెదబాబు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. అయినా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. హొరొవిట్జ్ ఆ ప్రోగ్రాం మాస్కో కోసం ప్రత్యేకంగా అల్లింది కాదు. ఆ రోజుల్లో ఆయన వేరేచోట్లా వాయిస్తున్న పీసులే చాలావరకు, రీప్లే గారు చెప్పిన 1985 రికార్డే సాక్ష్యం. ఫ్రాంజ్ లిస్ట్ ఉన్నాడు, మోజార్ట్ ఉన్నాడు, వాళ్ళు మీ లెక్కలోకి రారు. ఆయన అనుకుని పెట్టాడని చెప్పలేం. మీకు అలా వినపడింది, అది మీది, దాన్ని ఎవరూ కాదనలేరు.

ఆ లిస్ట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రెండు ముక్కలు. "వియన్నా సాయంత్రాలు" ఆరోది, షూబర్ట్ వాల్ట్‌జ్‌లు (నాట్యానికి వాయించేవి) తీసుకుని లిస్ట్ మళ్ళీ అల్లినది, అందులో ఒక కాలం ఇంకో కాలాన్ని తలుచుకుంటోంది. దాన్ని 1986లో ఒకడు తలుచుకుంటున్నాడు. పెట్రార్క్ అనే కవి పద్యం మీద చేసిన సానెట్ 104 అయితే మొదట పాటగా రాసి తర్వాత పియానోకి మార్చాడు లిస్ట్, అందుకే అందులో మాటలు లేకపోయినా ఎవరో నిలదీసి మాట్లాడుతున్నట్టుంటుంది. కచేరిలో నాకు అన్నిటికన్నా ఇదే గట్టి వాయింపు.

చరిత్ర_పిచ్చోడు | శుక్రవారం మధ్యాహ్నం 2:00

చివర్లో వచ్చే పోల్కా కూడా ఇంటి సంగతే కదా. "పోల్కా డ వె. ఎర్." అని, ఆ రెండక్షరాలు రహ్మానినోవ్ వాళ్ళ నాన్న పేరు, వసీలి రహ్మానినోవ్. నాన్న వాయించే ట్యూన్ అని, నాన్నదే అనుకుని రాసుకున్నాడు 1911లో, నిజానికి అది ఫ్రాంజ్ బేర్ అనే జర్మన్ రాసిన ట్యూన్. నాన్న వాయిస్తుండగా విన్న పాట నాన్నదే అనుకోవడం, నాకది చాలా నచ్చింది.

కొత్తచెవి_27 (విశాఖ) | శుక్రవారం రాత్రి 11:10

నమస్తే అండి, నేను కొత్త. వెస్టర్న్ క్లాసికల్ అస్సలు తెలీదు. ఈ థ్రెడ్ చదివి విన్నా మొత్తం. మోజార్ట్ దగ్గర రెండుసార్లు ఫోన్ చూసుకున్నా, సారీ. ట్రాయ్‌మెరాయ్ బాగుంది కానీ ఇంత చిన్నదా అనిపించింది, దీనికా ఇంతమంది ఏడ్చింది? తప్పుగా అనుకోకండి నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా. తర్వాత వచ్చిన మొష్కొవ్‌స్కీ "నిప్పురవ్వలు" పీస్ మాత్రం పదిసార్లు విన్నా, వేళ్ళా అవి!

సికింద్రాబాద్_పియానో | శనివారం ఉదయం 8:30

సారీ ఎందుకు బాబూ, రవ్వలతోనే మొదలుపెట్టు, నేనూ అలాగే మొదలుపెట్టా.

ట్రాయ్‌మెరాయ్ 24 బార్లే (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది). 1838లో షూమన్ రాసిన "చిన్నప్పటి దృశ్యాలు" పదమూడిట్లో ఏడోది. పిల్లలు వాయించడానికి కాదు, పెద్దవాళ్ళు చిన్నతనాన్ని తలుచుకోవడానికి. అందులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, కింద నుంచి ఒక గెంతు వేసి, ఆగి, మెల్లిగా పైకి పాకి, ఒక చిటారు స్వరం అందుకుని, అక్కణ్ణించి దిగుతుంది. మొదటిసారి ఆ చిటారు స్వరం ఎఫ్. తర్వాతి సారి అదే దారిలో వెళ్ళి ఇంకా పైన ఏ దాకా వెళ్తుంది. చివరికి 22వ బార్ దగ్గరలో ఆ ఏ మళ్ళీ వచ్చినప్పుడు కింద ఉన్న కార్డ్ (కలిపి మోగే స్వరాల గుత్తి) మారిపోయి ఉంటుంది, నువ్వు ఊహించని రంగు. అంటే అదే గుమ్మం తోసుకుని వెళ్ళావు, లోపల ఇల్లు వేరేగా ఉంది. ఆ కార్డ్ దగ్గర హొరొవిట్జ్ శబ్దం పెంచడు, తగ్గిస్తాడు. నా స్టూడెంట్స్ అందరూ అక్కడ పెంచుతారు, సహజంగా చెయ్యి అటే పోతుంది. ఇంకోసారి విను, ఆ ఒక్క చోటు కోసం.

కొత్తచెవి_27 | శనివారం మధ్యాహ్నం 12:50

విన్నా మేడమ్. మొదటిసారి ఎక్కడో మిస్సయ్యా. రెండోసారి దొరికింది. ఇంక ఏమీ రాయలేను ప్రస్తుతం.

కృష్ణాతీరం | శనివారం రాత్రి 10:05

నా సంగతి చెప్తానన్నా కదా. నెల రోజులు చీకట్లో విన్నాక ఏం జరిగిందంటే, ట్రాయ్‌మెరాయ్ దగ్గర కన్నీళ్ళు రావడం ఆగిపోయింది. మొదట భయమేసింది, అంతా ఆ షాట్ వల్లేనా, నేనూ కెమెరా ఏడిపిస్తే ఏడ్చినదాన్నేనా అని. తర్వాత రహ్మానినోవ్ జీ షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ దగ్గర, కుడిచేతిలో ఏదో సన్నగా మెరుస్తూ ఉంటుంది పైన, గంటలో వాన చినుకులో తెలీదు, కింద ఎడమచేతిలో పాట నడుస్తుంది, అక్కడ ఏడుపొచ్చింది, రెండో వారం. వీడియోలో అక్కడ ఎవరూ ఏడవట్లేదు, నాకు ఎవరూ చెప్పలేదు అక్కడ ఏడవమని. సోమవారం రాత్రి మేడమ్ చెప్పిన కె. 87 విన్నా, వీడియో పెట్టి ఫోన్ బోర్లించి. అది ఇంకో లోకం. అంత పెద్ద హాలు, అన్నేళ్ళ తర్వాత రాక, మొదటి మాట అంత మెల్లిగా మొదలుపెట్టే ధైర్యం ఎలా వచ్చిందో ఆయనకి.

అందుకని నా ప్రశ్న నేనే కొంచెం తప్పుగా అడిగాను అనిపిస్తోంది. కథ నన్ను లోపలికి తీసుకొచ్చింది, నిజం. కానీ లోపలికొచ్చాక ఎక్కడ కూర్చున్నానన్నది కథ చెప్పలేదు. పెదబాబు గారు మజూర్కాల దగ్గర, వీణ అమ్మగారు ఓపస్ 2 దగ్గర, టీచర్ గారు ఆ ఎఫ్ మైనర్ మబ్బు దగ్గర.

రేపు ఆదివారం రాత్రి సరిగ్గా పదింటికి మళ్ళీ పెడుతున్నా, ఈసారి కె. 87 నుంచి. ఎవరెవరు వస్తారు? ఎవరింట్లో వాళ్ళం, ఒకే టైముకి ప్లే నొక్కుదాం.

హార్మోనియం_మనవడు | శనివారం రాత్రి 10:12

నేనూ అమ్మా.

వీణాపాణి_కాకినాడ | శనివారం రాత్రి 10:20

పదింటికి నేను నిద్రపోతాను, రేపు మాత్రం మేలుకుంటాను. అమ్మాయికి చెప్పాను పెట్టమని.

రీప్లే_బటన్ | శనివారం రాత్రి 10:41

ఉన్నా. మంచి హెడ్‌ఫోన్స్ లేనివాళ్ళు స్పీకర్ గోడకి దగ్గరగా పెట్టకండి, బాస్ ఉబ్బుతుంది.

డాలస్_పెదబాబు | శనివారం రాత్రి 11:25

నాకప్పుడు ఆదివారం పొద్దున పదకొండున్నర. వస్తా. ఈసారి వీడియోతోనే, మేనకోడలి సీన్ కూడా చూస్తా.